రోజుకు 700 వచ్చే వైరింగ్ పనా, నెలకు 9 వేల అప్రెంటిస్‌షిప్పా?

తమ్ముడూ, నువ్వు చాలా రాశావు కాబట్టి ముందు నాకు అర్థమైంది చెప్తాను. మిర్యాలగూడ దగ్గర ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండో సంవత్సరం అయిపోవస్తోంది. మీ మామయ్య ఇళ్ళ వైరింగ్ కాంట్రాక్టులు చేస్తాడు, తన దగ్గరికి వస్తే రోజుకు 700 ఇస్తానంటున్నాడు. మీ ఐటీఐకి వచ్చిన కంపెనీ ఒకటి ఏడాది అప్రెంటిస్‌షిప్ ఇస్తాం, నెలకు 9 వేలు అంటోంది. ఫ్రెండ్స్ ఏమో అదంతా వేస్ట్, ఏడాది చాకిరీ చేయించుకుని ఇంటికి పంపేస్తారు అంటున్నారు. తర్వాత ఎప్పుడైనా గల్ఫ్ వెళ్ళాలని కూడా ఉంది. ఏం చేయాలి అని అడిగావు.

నేను వచ్చిన దారీ ఇదే. ఐటీఐ, ఆ తర్వాత పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్, కొన్నేళ్ళు ఖతార్, ఇప్పుడు ఇక్కడే ఒక ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. అప్రెంటిస్ పిల్లల్ని ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి బల్లకు అటువైపు ఏం జరుగుతుందో కూడా తెలుసు.

ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే అసలు టెన్షన్ అదే. మామయ్య దగ్గర నెలకు 25 రోజులు పని దొరికితే 17,500. కంపెనీలో 9,000. తేడా నెలకు 8,500, ఏడాదికి లక్ష పైచిలుకు. నిజానికి ఇళ్ళ పనిలో ప్రతి నెలా 25 రోజులు దొరకవు, వానాకాలం ఆగుతుంది, స్లాబు పడక ఆగుతుంది, ఓనరు డబ్బివ్వక ఆగుతుంది, అది మీ మామయ్యకే బాగా తెలుసు. అటు కంపెనీలో చేరితే రూమ్ అద్దె, తిండి ఖర్చు ఉంటాయి. అటూ ఇటూ సర్దుకున్నా లక్ష రూపాయలు అనే అనుకో. అంటే ఆ ఏడాది నీకు వాళ్ళు 9 వేలు ఇస్తున్నారని కాదు, నువ్వు లక్ష పెట్టి ఒక కోర్సు చదువుతున్నావని అనుకోవాలి. ఇంక అడగాల్సింది ఒకటే, ఆ లక్షకు తగ్గ పని అక్కడ నేర్పుతారా లేదా అని. నేర్పే చోటైతే కళ్ళు మూసుకుని చేరు. నేర్పని చోటైతే మీ ఫ్రెండ్స్ చెప్పిందే కరెక్ట్, మామయ్య దగ్గరికే వెళ్ళు. అప్రెంటిస్‌షిప్ మంచిదా చెడ్డదా అని ఊరికే అడిగితే జవాబు ఉండదు, ఏ ప్లాంటు, ఏ డిపార్ట్‌మెంటు అన్నదాన్ని బట్టే ఉంటుంది.

కంపెనీలు ఐటీఐల చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయో తెలిస్తే సగం విషయం అర్థమవుతుంది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019లో మార్చిన రూల్స్ ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. 4 నుంచి 29 మంది ఉన్నచోట అది వాళ్ళ ఇష్టం. కాబట్టి నీ ముందుకొచ్చిన కంపెనీ కోటా నింపుకోవడానికి వచ్చిందో, రేపటి ఎలక్ట్రీషియన్లను తయారుచేసుకోవడానికి వచ్చిందో నువ్వే కనిపెట్టాలి. రెండు రకాలూ ఉన్నాయి, ఇద్దరూ మాట్లాడేది మాత్రం ఒకేలా ఉంటుంది.

స్టైపెండ్ సంగతి. అదే 2019 రూల్స్‌లో ఐటీఐ పాసైనవాళ్ళకు కనీసం నెలకు 7,000 అని పెట్టారు. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ స్టైపెండ్లన్నీ 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది, అంటే 5,000 నుంచి 9,000 దాకా ఉన్న శ్రేణిని 6,800 నుంచి 12,300కి. నువ్వు చేరే రోజుకు ఏ రేటు నడుస్తుందో కాంట్రాక్టులో చూసుకో, చట్టం చెప్పేది కనీసం మాత్రమే, కంపెనీ ఎంతైనా ఎక్కువ ఇవ్వొచ్చు. ఇందులో కేంద్రం తన వాటాగా 25 శాతం, గరిష్ఠంగా 1,500, నేరుగా నీ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఖాతాకు ఆధార్ లింకు కాకపోతే ఆ 1,500 రాదు, పిల్లలు నెలల తరబడి హెచ్ఆర్ చుట్టూ తిరిగేది ఎక్కువగా దీని గురించే. చేరకముందే బ్యాంకుకి వెళ్ళి సరిచేయించుకో.

చట్టం ప్రకారం నువ్వు అక్కడ ట్రైనీవి, వర్కర్‌వి కాదు. పీఎఫ్ ఉండదు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని రూలేమీ లేదు, ఎవరైనా పర్మినెంట్ గ్యారంటీ అని నోటిమాటగా చెప్తే నమ్మకు. అయితే పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత మాత్రం కంపెనీదే, ఆ విషయం చట్టంలో స్పష్టంగా ఉంది. ఇంకోటి, అప్రెంటిస్ సీటుకి డబ్బు కట్టమనేవాడెవడైనా దొంగే. రైల్వే లాంటి చోట్ల ఉండే చిన్న అప్లికేషన్ ఫీజు వేరు, నేను చెప్పేది డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, యూనిఫామ్ ఖర్చు అని వేలల్లో అడిగేవాళ్ళ గురించి.

ఇప్పుడు కాంట్రాక్టు. కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో నీ పేరు మీద కాంట్రాక్టు రిజిస్టర్ కావాలి. కాకపోతే అది అప్రెంటిస్‌షిప్పే కాదు, మామూలు కాంట్రాక్టు లేబర్, ఐడీ కార్డు మీద అప్రెంటిస్ అని ముద్రించినా సరే. రిజిస్టర్ అయితే అందులో ట్రేడ్ ఏమని రాశారో చూడు. ఎలక్ట్రీషియన్ అని ఉండాలి. కొన్ని కంపెనీలు తాము తయారుచేసుకున్న ఆప్షనల్ ట్రేడ్ ఏదో రాసి, ఎలక్ట్రీషియన్ పిల్లల్ని తీసుకెళ్ళి ప్యాకింగ్ లైన్‌లోనో అసెంబ్లీ లైన్‌లోనో నిలబెడతాయి. ఏడాదంతా స్క్రూలు బిగిస్తావు. మీ ఫ్రెండ్స్ చెప్పే చాకిరీ కథలు చాలావరకు ఇక్కడివే. ట్రేడ్ సరిగ్గా ఉంటే చివర్లో ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాస్తావు, పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, మనవాళ్ళు ఎన్ఏసీ అంటారు. ఐటీఐ సర్టిఫికెట్ పక్కన అది ఉంటే నీ దరఖాస్తు బరువు మారుతుంది.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఒకే ట్రేడ్‌లో అప్రెంటిస్‌షిప్ ఒక్కసారే. ఇప్పటికే ఎక్కడైనా అప్రెంటిస్ చేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు అనర్హులు అని పెద్ద సంస్థల నోటిఫికేషన్లలో రాసే ఉంటుంది. అందుకే మొదటొచ్చిన కంపెనీలో గబగబా సంతకం పెట్టి, రెండు నెలల తర్వాత రైల్వే నోటిఫికేషన్ చూసి తల పట్టుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

రైల్వే అన్నాను కాబట్టి అదీ చెప్తాను. దక్షిణ మధ్య రైల్వే యాక్ట్ అప్రెంటిస్‌లకు (అప్రెంటిస్ చట్టం కింద తీసుకునేవాళ్ళకు) రాతపరీక్ష ఉండదు, టెన్త్ మార్కులు, ఐటీఐ మార్కుల సగటు మీద మెరిట్ లిస్టు వేస్తారు. 2024 డిసెంబర్ చివర్లో వచ్చిన నోటిఫికేషన్లో అన్ని ట్రేడులూ కలిపి 4,232 సీట్లు ఉన్నాయి. వయసు 15 నుంచి 24, ఓబీసీకి 3 ఏళ్ళు, ఎస్సీ ఎస్టీలకు 5 ఏళ్ళు సడలింపు. టెన్త్‌లో 50 శాతం ఉండాలి. అక్కడ అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకు రైల్వే లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) ఉద్యోగాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు, పరీక్ష రాయాలి, కానీ పోటీ నీలాంటివాళ్ళ మధ్యే. లాలాగూడ, కాజీపేట, విజయవాడ షెడ్లలో ఎలక్ట్రిక్ ఇంజన్ల మీద పని చూడటం అంటే అదొక వేరే చదువు. నీ టెన్త్ మార్కులు బాగుంటే ముందు దానికే కాచుకో. ఐటీఐ చివరి పరీక్షను ఎలాగూ పాసవుతాం కదా అని తేలిగ్గా తీసుకోకు, అక్కడ రెండు మార్కులు తగ్గినా లిస్టులో వందల పేర్లు నిన్ను దాటిపోతాయి.

రైల్వే కాకుండా రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, సింగరేణి, ఆర్టీసీ, విశాఖలో నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్, ఇవన్నీ ఐటీఐ వాళ్ళను తీసుకుంటాయి, ఎంపిక ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, డాక్‌యార్డ్‌కి రాతపరీక్ష ఉంటుంది. అయితే నీకు ఇంటిపక్కనే ఉన్న మంచి అవకాశాన్ని నువ్వు చూడలేదేమో అనిపించింది. మీ చుట్టూ వాడపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంట్ ప్లాంట్లు ఉన్నాయి, దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు ఉంది. హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో అప్రెంటిస్ చేయడం కంటే సిమెంట్ ప్లాంటులో దుమ్ము తింటూ చేసిన ఏడాది ఎలక్ట్రీషియన్‌కి ఎంతో విలువైనదని నా అభిప్రాయం. చిన్న మోటార్ల నుంచి హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) మోటార్ల దాకా ఒకేచోట ఉంటాయి, సబ్‌స్టేషన్ ఉంటుంది, మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు ఉంటాయి, మిషన్లను నడిపే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీ ఉంటుంది, కిల్న్ (సిమెంట్ ప్లాంటులోని పెద్ద కొలిమి) షట్‌డౌన్ వచ్చినప్పుడు నాలుగు నెలల్లో చూడనిది ఒక్క వారంలో చూస్తావు. ఆ వారం సెలవు పెట్టి ఊరెళ్ళకు.

కంపెనీ మంచిదో కాదో హెచ్ఆర్‌ని అడిగితే తెలియదు. పోయినేడు బ్యాచ్ కుర్రాళ్ళ నంబర్లు మీ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఉంటాయి, ఇద్దరికి ఫోన్ చేయి. బాగుందా అన్నా అని అడగకు, అందరూ బాగానే ఉంది అంటారు. పోయిన నెలలో ఏ ప్యానెల్ తెరిచావు, దాంట్లో ఏం ఫాల్ట్ వచ్చింది, ఎవరితో కలిసి వెళ్ళావు అని అడుగు. ఆ కుర్రాడు ఆగకుండా చెప్పుకుపోతే అక్కడ నేర్పుతున్నారు. కాసేపు ఆలోచించి, క్యాంటీన్ బాగుంటుందన్నా అంటే సంగతి నీకే అర్థమైపోతుంది. ఒక్కో సీనియర్ ఎలక్ట్రీషియన్ వెనక ఎంతమంది అప్రెంటిస్‌లు తిరుగుతారో కూడా కనుక్కో. ఇద్దరైతే సరే. ఆరుగురైతే వెనకున్న నలుగురికి ముందున్నవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనిపించవు.

చేరావనుకో. మొదటి రెండు నెలలు విసుగొస్తుంది. కేబుల్ లాగడం, ట్రే క్లీన్ చేయడం, ప్యానెల్లో దుమ్ము ఊదడం, నిచ్చెన పట్టుకోవడం, ఇంతే ఉంటుంది, చాలామంది మానేసేది ఇక్కడే. కానీ ఈ టైంలోనే మొత్తం ప్లాంటు నీ కాళ్ళకు తెలిసిపోతుంది, ఏ కేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో డ్రాయింగులో చూసినవాడికంటే లాగినవాడికే బాగా గుర్తుంటుంది. ప్యానెల్ క్లీన్ చేయమన్నప్పుడు క్లీన్ చేస్తూనే లోపల ఏమున్నాయో చిన్న నోటుబుక్కులో గీసుకో. ఫోన్‌తో ఫొటోలు తీయకు, చాలా ప్లాంట్లలో అది నేరం కింద లెక్క, బయటికి పంపేస్తారు.

ఈ ఏడాదిలో నువ్వు నేర్చుకోవాల్సిన పెద్ద విషయం ఏదంటే, కరెంటు ఆపడం. నవ్వకు. మన ఊళ్ళలో లైన్‌మెన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ ఆపేశామన్న అనుమతి) తీసుకుంటారు కదా, ప్లాంటులో దాన్నే వర్క్ పర్మిట్ అంటారు. బ్రేకర్ ఆఫ్ చేసి, నీ తాళం దానికి వేసి, నీ పేరున్న ట్యాగ్ తగిలించి, తాళంచెవి నీ జేబులో పెట్టుకోవాలి. ఆ తర్వాత కూడా సప్లై లేదని మీటరుతో నువ్వే నిర్ధారించుకోవాలి. మీటరు ముందు సప్లై ఉన్నచోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకుని, పని చేయాల్సిన చోట పెట్టి, మళ్ళీ సప్లై ఉన్నచోట పెట్టి చూడాలి, ఎందుకంటే మధ్యలో మీటరే చచ్చిపోయి ఉండొచ్చు. జేబులో పెట్టుకు తిరిగే ఇరవై రూపాయల టెస్టర్ లైటు వెలగలేదని చెయ్యి పెట్టేవాణ్ణి నేనైతే నా షిఫ్టులో ఉంచను. డ్రైవు ఆఫ్ చేశాక లోపలి కెపాసిటర్లు డిశ్చార్జి కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఎంతసేపో దాని మీదే రాసి ఉంటుంది. కెపాసిటర్ బ్యాంకూ అంతే. ఇళ్ళ పనిలో ఇవి ఎవరూ నేర్పరు, మెయిన్ ఆఫ్ చేశావారా అని కింద నుంచి అరుస్తారు, చేశానన్నా అని పైనుంచి జవాబు వస్తుంది, పని అలాగే నడిచిపోతుంది, ఏదో ఒకరోజు నడవదు.

తర్వాత కంట్రోల్ సర్క్యూట్. ఐటీఐలో డీఓఎల్ స్టార్టర్ (మోటారుని నేరుగా స్టార్ట్ చేసేది), స్టార్-డెల్టా (ముందు స్టార్‌లో తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టి, టైమర్‌తో డెల్టాకి మార్చేది) గీశావు కదా, ఇంటర్వ్యూలో నేను అడిగేదీ అదే, పేపరిచ్చి గియ్యమంటాను. బట్టీపట్టి గీసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ తర్వాత ఇంకోటి అడుగుతాను, ఈ టైమర్ పాడై డెల్టాకి మారకపోతే మోటారుకి ఏమవుతుంది అని. డైరెక్టుగా స్టార్ట్ చేస్తే ఫుల్ లోడ్ కరెంటుకి ఆరేడు రెట్లు లాగే మోటారు, స్టార్‌లో స్టార్ట్ చేస్తే లైన్ నుంచి అందులో మూడో వంతే లాగుతుంది, కానీ దాని బలం కూడా మూడో వంతే. అలాగే స్టార్‌లో ఉండిపోయి పూర్తి లోడు మోయాలంటే మోయలేక కరెంటు లాగేసి ఓవర్‌లోడ్ మీద ట్రిప్ అవుతుంది, ఆ ట్రిప్ చేసే రిలే సెట్టింగ్ ఎవడో పెంచేసి ఉంటే మోటారు కాలిపోతుంది. ఇది చెప్పగలిగిన కుర్రాడికి మార్కులు తక్కువున్నా తీసుకుంటాను.

ఫాల్ట్ వెతకడం పుస్తకంలో రాదు. మా దగ్గర ఒక కన్వేయర్ మోటారు ఊరికే ట్రిప్ అవుతుంటే, బేరింగ్ పట్టేసిందని మెకానికల్ వాళ్ళూ, వాళ్ళ బెల్టు బిగుసుకుందని మావాళ్ళూ కొట్టుకున్నారు. అప్రెంటిస్ కుర్రాడొకడు ఎవరూ చెప్పకుండానే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) తీసుకుని మూడు ఫేజుల్లోనూ కరెంటు చూశాడు, ఒకదాంట్లో బాగా తక్కువుంది, మోటారుకి సప్లై కలిపే కాంటాక్టర్ విప్పితే ఒక కాంటాక్టు నల్లగా కాలిపోయి ఉంది. పెద్ద తెలివేమీ కాదు, ఊహించకుండా కొలిచి చూశాడు, అంతే. మీటరు, క్లాంప్ మీటరు, మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచేది), ఈ మూడూ నీ చేతికి అలవాటు కావాలి. మామూలు 415 వోల్టుల మోటారుకి 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూస్తే ఒక మెగోమ్‌కి తగ్గకూడదు, తగ్గితే దాన్ని ఆన్ చేయొద్దు, వానాకాలంలో ఆగిపోయి ఉన్న మోటార్ల దగ్గర ఇది రోజూ పని.

సీనియర్లు నేర్పరు అని అందరూ ఏడుస్తారు. కొందరు నిజంగానే నేర్పరు, కుర్రాడు నేర్చుకుంటే తన ఓవర్‌టైమ్ పోతుందని భయం. నాకు తెలిసిన మార్గం, నైట్ షిఫ్టు. పగలు మేనేజర్లు తిరుగుతుంటారు, ఎవరికీ ఓపిక ఉండదు. రాత్రి రెండింటికి బ్రేక్‌డౌన్ వస్తే ఉన్నది ఇద్దరే, అప్పుడు నీ చేతికి స్క్రూడ్రైవర్ రాక తప్పదు. పని అయ్యాక టీ తాగుతున్నప్పుడు, అన్నా ముందు ఆ కాయిల్ ఎందుకు చూశారు అని అడుగు, అప్పుడు చెప్తారు. పని మధ్యలో అడిగితే తిడతారు, తిట్టాలి కూడా.

ఇదంతా చదివి మామయ్య పని తక్కువని అనుకోకు. స్లాబు పైపింగ్, గోడలో గాడి కొట్టించడం, ఒక ఇల్లు చూసి ఎన్ని పాయింట్లు, ఎంత వైరు, ఎంత ఖర్చు అని నోటిలెక్కలో చెప్పడం, ఓనరు రేటు తగ్గించమన్నప్పుడు నిలబడటం, ఇవేవీ ఫ్యాక్టరీలో రావు. రేపు సొంతంగా పని పెట్టుకోవాలంటే ఇవే కావాలి. ఇద్దరు మనుషులతో మూడు రోజుల్లో ఇల్లు వైరింగ్ చేసే మేస్త్రీ స్పీడు మా ప్లాంటు ఎలక్ట్రీషియన్లలో ఒక్కడికీ లేదు. అందుకే చెప్తున్నా, దగ్గర్లోని ప్లాంటులో చేరితే వారం సెలవు రోజున మామయ్యతో వెళ్ళు.

వెళ్ళినప్పుడు ప్లాంటులో నేర్చుకున్నది అక్కడ వాడు. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్) కాపాడేది వైరుని, మనిషిని కాదు. మనిషి ప్రాణం తీయడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు, 6 ఆంపియర్ల ఎంసీబీకి అది తెలియను కూడా తెలియదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), దానితో పాటు ఇంట్లో సరైన ఎర్తింగ్ కూడా ఉండాలి. మూడు ఫేజుల ఇళ్ళలో న్యూట్రల్ ఎక్కడైనా వదులైతే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ 400 వైపు ఎగబాకుతుంది, ఒకే రాత్రి వీధిలో నాలుగు టీవీలు కాలిపోయాయి అని వింటాం కదా, చాలాసార్లు అదే కారణం. డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) న్యూట్రల్ లింకు బిగించేటప్పుడు రెండోసారి చూడు. వైరు సైజులు నీకు తెలుసు, కానీ ఓనరు డబ్బు మిగులుతుందని గీజర్ పాయింటుకి 4 ఎంఎం బదులు 2.5 లాగమంటే ఎందుకు కుదరదో నచ్చచెప్పగలగాలి.

అలాగే మామయ్యకి లైసెన్సు ఉందో లేదో మెల్లిగా కనుక్కో. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు, 2010 నాటివి తీసేసి 2023లో కొత్తవి తెచ్చారు. రూలు ప్రకారం వైరింగ్ పని చేయాల్సింది రాష్ట్రం లైసెన్సిచ్చిన కాంట్రాక్టరు, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో, వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషి. తెలంగాణలో, ఆంధ్రలో కూడా ఇవి చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆధ్వర్యంలో ఉండే లైసెన్సింగ్ బోర్డు నుంచి వస్తాయి. ఊళ్ళో చిన్న ఇళ్ళకు ఎవరూ అడగరు. అపార్టుమెంటు, ఆస్పత్రి, ఫంక్షన్ హాలు పనికి వెళ్తే అడుగుతారు, అక్కడే మంచి డబ్బు ఉంది. నీకు ఐటీఐ ఉంది, అనుభవం తోడైతే పర్మిట్ నువ్వే తీసుకోవచ్చు, మీ ఇంట్లో ఆ కాగితం నీ పేరు మీద ఉంటే మామయ్య బిజినెస్ కూడా ఒక మెట్టు ఎక్కుతుంది. నీ అప్రెంటిస్‌షిప్‌కి ఆయన్ని ఒప్పించడానికి ఈ మాట పనికొస్తుంది.

ఏడాది తర్వాత సంగతి క్లుప్తంగా. అదే కంపెనీ ఉంచుకుంటే కనీసం రెండేళ్ళు ఉండు. డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) జూనియర్ లైన్‌మన్ పోస్టులకు టెన్త్‌తో పాటు ఎలక్ట్రికల్ ఐటీఐ అడుగుతారు, స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది, పొలంలో ఇప్పుడే ప్రాక్టీసు చేస్తానని మాత్రం లైవ్ స్తంభాలు ఎక్కకు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కి ఎలక్ట్రీషియన్ ఐటీఐతో అర్హత వస్తుంది. చదువు మీద మనసుంటే ఎల్‌పీసెట్ (ఐటీఐ వాళ్ళకు ఉండే ప్రవేశ పరీక్ష) రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరొచ్చు, నా బ్యాచ్‌లో డిప్లొమా చేసినవాళ్ళు ఇప్పుడు ఇంజనీర్లుగా మాకే పనులు చెప్తున్నారు. సోలార్ కూడా ఉంది, పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ళ మీద ప్యానెళ్ళు పెట్టే పని పెరిగింది, కానీ డీసీ కరెంటుతో ఆట వేరు, లోడు మీద కనెక్టర్ లాగితే మంట ఆరదు, నేర్చుకునే దిగాలి.

గల్ఫ్ విషయం. టెన్త్ పాసయ్యావు కాబట్టి నీ పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు ముద్ర అవసరం ఉండదు, అలాగని ఏజెంటుని గుడ్డిగా నమ్మొచ్చని కాదు. కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు లక్షలు కట్టి వెళ్ళినవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, ముందు అక్కడ పేరు రాయించుకో. సౌదీకి వెళ్ళాలంటే ఎలక్ట్రీషియన్లకు ఇక్కడే నైపుణ్య పరీక్ష పెడుతున్నారు. ఖతార్‌లో నేను చూసింది చెప్పాలంటే, ఇంటి వైరింగ్ అనుభవంతో వచ్చినవాళ్ళు ఎక్కువగా హెల్పర్ గ్రేడులోనే మొదలయ్యారు, ప్లాంటు అనుభవం, డ్రాయింగ్ చదవడం, వర్క్ పర్మిట్ పద్ధతి తెలిసినవాళ్ళు నేరుగా టెక్నీషియన్‌గా వచ్చారు. ఒకే గదిలో పడుకునేవాళ్ళం, జీతాలు మాత్రం వేరు. ఈ లక్ష రూపాయల కోర్సు డబ్బు తిరిగొచ్చేది ఇలాంటిచోటే.

ఇంట్లో పరిస్థితి బాలేక, నీ సంపాదన ఇవాళే కావాలంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టి మామయ్య దగ్గర ఒక ఏడాది చెయ్యి, తప్పేమీ లేదు. కాకపోతే వయసు 24 దాటకుండా చూసుకో, ఐటీఐ పాసైన సంవత్సరాన్ని బట్టి కూడా కొన్ని సంస్థలు కాదంటాయి, మరీ లేటు చేయకు.

ఈలోగా పోర్టల్లో ప్రొఫైల్ పెట్టేయి, ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ పేరు స్పెల్లింగు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో చూసుకో, తేడా ఉంటే ఇప్పుడే మార్పించు. ఆ కంపెనీ వాళ్ళు కాంట్రాక్టు డ్రాఫ్టు ఇస్తే నీ పేరు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టు, ట్రేడ్ ఏం రాశారో చూసి చెప్తాను.